అష్టమి నాడు మోగిన నవమి అలారం: పాత కంప్యూటర్ నుంచి క్యాలెండర్ తెచ్చుకున్న నా అనుభవం

2025 ఆగస్టు 16, శనివారం పొద్దున్నే హాల్లో టిక్కు టిక్కుమని చప్పుడు. బల్లి పలికిందనుకుని నాన్నగారు ఏ దిక్కునుంచో అని గోడల కేసి చూశారు. మళ్లీ వినబడింది. అప్పుడు తెలిసింది, పలికింది బల్లి కాదు, మూల బల్ల కింద ఉన్న మా పాత డెస్క్‌టాప్ అని.

మేం ఉండేది చెన్నైలో, వెస్ట్ మాంబళంలో. నాన్నగారికి 71 ఏళ్లు, పౌరోహిత్యం. టీ నగర్, కోడంబాక్కం, నంగనల్లూరు వైపు నూట అరవై తెలుగు ఇళ్ల దాకా ఆయన చేతి మీద నడుస్తాయి. పోయినవాళ్లకు ఏటా పెట్టే ఆబ్దికాలు, నెలనెలా పెట్టే మాసికాలు, మహాలయాలు, మధ్యలో వ్రతాలు, సీమంతాలు. 2014 దాకా అన్నీ ఒక పొడవాటి అట్ట పుస్తకంలో రాసుకునేవారు. ఆ ఏడు నేను వాటిని కంప్యూటర్‌లో ఒక మెయిల్ ప్రోగ్రాం క్యాలెండర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఆయన పుస్తకంలో రాయడం మానేశారు. "నువ్వున్నావుగా" అన్నారు. ఆ తర్వాత చేరిన అరవై ఇళ్ల వివరాలు ఇంకెక్కడా లేవు. అప్పట్లో ఆ మాటకు మురిసిపోయానే గానీ దాని బరువు తెలియలేదు.

ఒకసారి ఎక్కిస్తే ఏటా అదే వస్తుంది కదా అంటారు ఆఫీసులో. తిథులకు అది కుదరదు. ఉగాది 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న. 2023లో అధిక శ్రావణం వచ్చి తర్వాతివన్నీ నెల ఆలస్యంగా వచ్చాయి. 'ఏటా ఇదే తేదీ' అని టిక్కు పెట్టే వీలు లేదు. అందుకే ఏటా కొత్త పంచాంగం రాగానే నేనూ నాన్నగారూ వారం రోజులు కూర్చుని, ఒక్కో ఇంటి తిథి ఏ తేదీకి వచ్చిందో చూసి కొత్తగా ఎక్కిస్తాం. పదకొండేళ్లకు అవి ఐదున్నర వేలు దాటాయి. ప్రతి ఆదివారం ఆ వారం జాబితా ప్రింటు తీసి ఆయన చేతికిస్తాను.

వీధి చివర కంప్యూటర్ మెకానిక్ వచ్చి చెవి పెట్టి విన్నాడు. హార్డ్ డిస్క్ పోతోంది, ఉన్నవి త్వరగా తీసేసుకోండి అని చెప్పి 400 తీసుకున్నాడు. అంటే విన్నందుకు 400. కానీ అతను చెప్పింది నిజమే.

ఆగస్టు 23, శనివారం. మాంబళంలో ఐదు రూపాయల టికెట్టు కొని లోకల్ ట్రైన్‌లో ఎగ్మూరు, అక్కణ్ణించి ఆటోలో కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్. వాడిన ల్యాప్‌టాప్ ఒకటి 18,500కు కొన్నాను, పెన్ డ్రైవ్ 450. ఈసారి క్యాలెండర్‌ని నాన్నగారి ఫోన్‌తో కలపాలని, ప్రింట్ల గొడవ ఉండకూడదని నా ఆలోచన. ఆయన ఆబ్దికం ఉన్న రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తారు. ఫోనే లేపితే బాగుంటుందనుకున్నాను. లేపింది కూడా. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మనసులో ఇంకో తొందర ఉంది. సెప్టెంబరు 8 భాద్రపద బహుళ పాడ్యమి. ఆ రోజు నుంచి 21 అమావాస్య దాకా మహాలయ పక్షం, పితృదేవతలకు పెట్టే రోజులు. ఏడాదిలో నాన్నగారికి ఊపిరాడని రోజులవి. నేనేమో ఆడిటర్ దగ్గర పని చేస్తాను. ఈ ఏడాది ఆదాయపు పన్ను రిటర్నుల గడువు సెప్టెంబరు 15కు జరిపారు కాబట్టి నాకూ ఊపిరాడదు. ఇద్దరి పీకలోతు పనీ ఒకేసారి వచ్చిపడింది.

ఆదివారం 24న పాత ప్రోగ్రాంలో ఎక్స్‌పోర్ట్ నొక్కాను. డిస్క్ ముక్కుతూ మూలుగుతూ ముప్పావుగంట తీసుకుంది. ఐసీఎస్ అని చివర ఉన్న ఫైలు ఒకటి వచ్చింది. పెన్ డ్రైవ్‌లో వేసుకుని కొత్త ల్యాప్‌టాప్‌లో, వేరే మెయిల్ ప్రోగ్రాంలో ఇంపోర్ట్ నొక్కాను. ఈ ఫైలులో ఇంపోర్ట్ చేయదగ్గ ఈవెంట్లు ఏమీ లేవు అంది. ఒక్క ముక్క, అంతే. ఏది తప్పో, ఎక్కడ తప్పో చెప్పదు. ఇంకోసారి నొక్కాను. ఫైలు పేరు మార్చాను. ల్యాప్‌టాప్‌లోనే ఇంకోచోట పెట్టి చూశాను. ప్రోగ్రాం తీసేసి మళ్లీ వేశాను. రాత్రి పదకొండు దాకా ఇదే వరస. నాన్నగారు రెండుసార్లు వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయారు.

సోమవారం ఆఫీసులో భోజనం వేళ తట్టింది, అసలు ఆ ఫైలు లోపల ఏముందో చూద్దామని. రాత్రి నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ఇన్నాళ్లూ ఐసీఎస్ అంటే తాళం వేసిన పెట్టె అనుకున్నాను. చూస్తే మామూలు రాతే. మొదట 'బిగిన్ వీక్యాలెండర్' అని ఉంటుంది. ఒక్కో ఆబ్దికం 'బిగిన్ వీఈవెంట్'కీ 'ఎండ్ వీఈవెంట్'కీ మధ్య ఉంటుంది. అన్నీ అయ్యాక చివర 'ఎండ్ వీక్యాలెండర్' రావాలి. నా ఫైలు చివరికి వెళ్లి చూస్తే ఆ మాట లేదు. 2019లో ఒక మాసికం దగ్గర, మాట సగంలో తెగిపోయి ఉంది. డిస్క్ రాస్తూ రాస్తూ చతికిలపడింది. పాత ప్రోగ్రాం మాత్రం ఎక్స్‌పోర్ట్ పూర్తయింది అని చెప్పింది!

నాన్నగారికి చెబితే, "ఉద్వాసన చెప్పకుండా లేచిపోయిందన్నమాట" అన్నారు. సరిగ్గా అదే.

మంగళవారం రాత్రి నుంచి పద్ధతి మార్చాను. మొత్తం ఒకేసారి కాకుండా ఏడాదికొక ఫైలు. తేదీల వారీగా జాబితా తెప్పించి, ఆ ఏడువి మాత్రమే పట్టుకుని ఎక్స్‌పోర్ట్. ఒక్కోదానికి పది నిమిషాల నుంచి అరగంట. మధ్యలో రెండుసార్లు బిగుసుకుపోయింది. ప్రతి ఫైలూ రాగానే తెరిచి చివరి లైను ఉందో లేదో చూశాను. బుధవారం 27 వినాయక చవితి. నాన్నగారు తెల్లారకముందే వెళ్లి రాత్రి తొమ్మిదికి వచ్చారు. నేనూ ఆ రోజు కంప్యూటర్ ముట్టలేదు. గురువారం రాత్రికి 2014 నుంచి 2025 దాకా పన్నెండు ఫైళ్లు చేతికొచ్చాయి. పదకొండు గబగబా లోపలికి వెళ్లాయి. 2025 ఒక్కటి మొరాయించింది. నాకు నిజంగా కావలసింది అదొక్కటే.

దానికి చివరి లైను ఉంది. తెగిపోలేదు. అయినా తీసుకోదు. ఇక బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరడమే. 540 ఈవెంట్లున్న ఫైలుని నోట్‌ప్యాడ్‌లో సగానికి కోసి, ఒక్కో సగానికీ మొదలూ చివరా ఆ రెండు లైన్లూ అతికించి, ఇంపోర్ట్ చేసి చూశాను. ఒక సగం వెళ్లింది. వెళ్లని సగాన్ని మళ్లీ సగం. అలా తొమ్మిది కోతలు. శుక్రవారం అర్ధరాత్రి దాటాక దొరికింది రాయి.

ఈ ఏడే కొత్తగా చేరిన కోడంబాక్కం యజమాని గారి చిరునామా. చెన్నైలో ఉన్నవాళ్లకు తెలుసు, ఇక్కడ ఇంటికి రెండు నంబర్లు. 'పాత నెం. 14' అని రాసి, ఎంటర్ కొట్టి, కింది వరసలో 'కొత్త నెం. 31' అని రాశాను. ఐసీఎస్‌లో అలా ఎంటర్ కొట్టినట్టు ఉండకూడదు. కొత్త వరస అని చెప్పడానికి బ్యాక్‌స్లాష్, పక్కన ఎన్ రాయాలి. పొడుగు లైను కిందికి దిగితే ఆ కింది లైను ఒక ఖాళీతో మొదలవ్వాలి. పాత ప్రోగ్రాం ఆ పని చేయకుండా నేను కొట్టిన ఎంటర్‌ని ఉన్నదున్నట్టు రాసేసింది. కొత్త ప్రోగ్రాం 'కొత్త నెం. 31' అనే లైను చూసి, ఇదేమిటో తెలియక, 540 ఈవెంట్లనూ కలిపి తోసేసింది. ఒక్క ఇంటి నంబరు కోసం అందరి తద్దినాలూ ఆపేసిందన్నమాట. రెండు వరసలూ కలిపేశాను. ఇంపోర్ట్. వెళ్లింది.

ఇక్కడ రెండు పొరపాట్లు చేశాను. అప్పటికి అవి పొరపాట్లని తెలియదు. కోసిన ప్రతి ముక్కనీ అసలు క్యాలెండర్‌లోకే ఇంపోర్ట్ చేశాను. పరీక్షకని ఖాళీ క్యాలెండర్ ఒకటి పెట్టుకుని ఉంటే తర్వాత దాన్ని మొత్తంగా తుడిచేసేదాన్ని. రెండోది, అసలు ఫైలుకి కాపీ తీయకుండా దాని మీదే నోట్‌ప్యాడ్‌లో సేవ్ కొట్టాను.

శనివారం 30న ఫోన్‌తో కలిపాను. సెప్టెంబరు 3 ఏకాదశి నాటి సత్యనారాయణ వ్రతం చూశాను, ఉదయం 9 గంటలకు సరిగ్గా ఉంది. ఇంకో రెండు ముహూర్తాలు చూశాను, నిమిషంతో సహా సరిపోయాయి. అమ్మ సేమ్యా పాయసం చేసింది. నిద్ర కరువై కళ్లు మండుతున్నా ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు నాన్నగారి ఫోన్ మోగింది. ఆపారు. వెంటనే మళ్లీ మోగింది. ఆపారు. మళ్లీ. గుళ్లో గంటల్లా నాలుగుసార్లు మోగి ఇంటిల్లిపాదినీ లేపింది. అన్నీ ఒకే ఇంటివి, టీ నగర్‌లో ఒక యజమాని గారి తల్లి ఆబ్దికం. నాన్నగారు లేచి, చన్నీళ్ల స్నానం చేసి, తడి అంగవస్త్రంతో వచ్చి నిలబడి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఇవాళ అష్టమి కదూ?"

నేను దుప్పట్లోంచే, "ఫోన్‌లో ఏముంటే అదే నాన్నగారూ" అన్నాను.

"ఫోన్‌లో భాద్రపద శుద్ధ నవమి అని నువ్వే రాశావు. ఇవాళ అష్టమి. నవమి రేపు."

ఒప్పుకోవాలి, ఒక్క క్షణం ఆయనే పొరబడ్డారనుకున్నాను. అర్ధరాత్రి దాకా కష్టపడి ఎక్కించింది నేను, ముహూర్తాలన్నీ సరిచూసింది నేను. లేచి పంచాంగం తీశాను. ఆగస్టు 31, అష్టమి. ల్యాప్‌టాప్ తెరిచి వెనక్కి వెళ్లాను. వినాయక చవితి 26 మంగళవారం గడిలో కూర్చుని ఉంది. ముందుకి వెళ్లాను. అవిధవా నవమి 15న రావాలి, 14న ఉంది. 18న రావలసిన ద్వాదశి మహాలయాలు 17న, అంటే ఏకాదశి రోజున ఉన్నాయి. ఆబ్దికాలన్నీ ఒక రోజు ముందుకి జరిగి కూర్చున్నాయి. వ్రతాలూ ముహూర్తాలూ మాత్రం చెక్కుచెదరలేదు. నేను చూసింది అవే కాబట్టి అన్నీ బాగున్నాయనుకున్నాను.

నాకు చెమటలు పట్టాయి. నాన్నగారు కాకుండా కుర్ర పురోహితుడెవరైనా ఫోన్ చూసుకుని వెళ్లి ఉంటే? ఆ ఇంట్లో వంట, భోక్తలు, అన్నీ అయిపోయాక తెలిస్తే? ఇది డెంటిస్టు అపాయింట్‌మెంట్ కాదు, రేపు రమ్మంటే సరిపోవడానికి.

పక్కింటి మామి కొడుకు ఓఎమ్మార్‌లో, అంటే పాత మహాబలిపురం రోడ్డులో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. అరవ పిల్లాడు, కానీ నాతో తెలుగే మాట్లాడతాడు, సగం సగం. ఆదివారం పది గంటలకు లేపి తీసుకొచ్చాను. ఫైలు చూసి, నవ్వు ఆపుకుని చెప్పాడు. "అక్కా, నీకు 18వ తేదీ అర్ధరాత్రి 12 అయితే, గ్రీనిచ్ లెక్కలో ఇంకా 17 సాయంత్రం ఆరున్నరే. ఐదున్నర గంటల తేడా కదా. పాత ప్రోగ్రాం రోజంతా ఉండే ఈవెంట్‌ని అర్ధరాత్రి అనుకుంది, గ్రీనిచ్‌కి మార్చింది, గంటలు కోసేసి తేదీ మాత్రం ఉంచింది. 17 మిగిలింది."

గంట పెట్టి రాసినవి, అంటే వ్రతాలు, గ్రీనిచ్ సమయంతో పాటు చివర జెడ్ అని గుర్తు కూడా వేసుకుని వచ్చాయి. కొత్త ప్రోగ్రాం ఆ జెడ్ చూసి ఐదున్నర గంటలు కలిపేసుకుంది. రోజంతా అని పెట్టినవాటికి గంటే లేదు, కలపడానికి ఏమీ లేదు. అతను ఇంకొకటి కూడా చూపించాడు. 2025 ఫైల్లో యూఐడీ అనే లైను ఒక్క ఈవెంట్‌కీ లేదు. అది ఈవెంట్‌కి గోత్రనామాల్లాంటిది. అది ఉంటే రెండోసారి వచ్చినప్పుడు ఇది పాతదే అని ప్రోగ్రాం గుర్తుపట్టగలదు. లేదు కాబట్టి నేను కోసి ఇంపోర్ట్ చేసిన ప్రతిసారీ కొత్తగా చేర్చుకుంది. ఫోన్ నాలుగుసార్లు మోగడం వెనక రహస్యం అదీ. ఈ రాతకంతా నియమాలున్నాయట, 1998లో ఒకసారి రాసి, 2009లో తిరగరాశారట. యూఐడీ తప్పనిసరి అని అందులో ఉందట. నియమాలు ఎవరు పాటిస్తారు, మడి కట్టుకున్నవాళ్లే పాటించడం లేదు.

పాత కంప్యూటర్లో టైమ్ జోన్ మార్చి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి చూద్దాం అన్నాడు. సోమవారం నాకు ఆఫీసులో రాత్రి తొమ్మిదైంది. మంగళవారం సెప్టెంబరు 2న బటన్ నొక్కితే డెస్క్‌టాప్ టిక్కుమనడం కూడా మానేసింది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, డిస్క్ కనబడడం లేదు. బుధవారం పూట సెలవు పెట్టి డిస్క్ విప్పించుకుని రిచీ స్ట్రీట్‌కి వెళ్లాను. డేటా తీయడానికి 9,000 అవుతుంది, వారం పడుతుంది, గ్యారంటీ లేదు అన్నారు. వారం అంటే మహాలయ పక్షం మధ్యకి. డిస్క్ సంచిలో వేసుకుని తిరిగొచ్చాను. ట్రైన్‌లో కూర్చుని ఏడుపొచ్చింది. పక్కన పూలమ్మే ఆవిడ ఏమైందమ్మా అని అరవంలో అడిగితే ఏం చెప్పను, తేదీలు ఒకరోజు జరిగాయని?

ఆ కుర్రాడికి శుక్రవారం దాకా తీరిక లేదు. నేను ఆగలేకపోయాను. బుధవారం రాత్రి నోట్‌ప్యాడ్‌లో రీప్లేస్ ఉంది కదా అని మొదలుపెట్టాను. ఈసారి కాపీ మీదే. ఫైల్లో తేదీ 20250917 అని ఒకే అంకెలా ఉంటుంది. ముందు 07ని 08 చేశాను. తర్వాత 08ని 09. తర్వాత 09ని 10. ఇలా 20ని 21 చేసే దాకా. చకచకా అయిపోయింది, నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. పరీక్ష క్యాలెండర్‌లో ఇంపోర్ట్ చేస్తే పాడ్యమి నుంచి చతుర్దశి దాకా ఒక్కరూ లేరు. పక్షమంతా 21వ తేదీ అమావాస్య మీద కుప్ప పడింది. మొదట 07ని 08 చేశాక, రెండోసారి ఆ కొత్త 08లూ పాత 08లూ కలిసి 09 అయ్యాయి. అందరినీ ఊడ్చుకుంటూ చివరికి తీసుకెళ్లాను.

నాన్నగారు తెర కేసి చూసి, "సర్వపితృ అమావాస్యే కదమ్మా. తిథి తెలియనివాళ్లందరికీ ఆ రోజే" అన్నారు. అమ్మ కూడా నవ్వింది. పది రోజుల తర్వాత ఇంట్లో నవ్వు వినబడింది.

గురువారం వెనక నుంచి చేశాను. ముందు 20ని 21, తర్వాత 19ని 20, అలా 07 దాకా. సరిపోయింది. ఒకచోట మాత్రం ఆగిపోయాను. 18న మొదలైన ద్వాదశి ముగింపు తేదీ 19 అని ఉంది. రెండు రోజులు అనుకుంటుందేమోనని అది కూడా 18 చేయబోయాను. అదృష్టవశాత్తూ ముందు ఆ కుర్రాడికి మెసేజ్ పెట్టాను. వద్దక్కా, రోజంతా ఉండే ఈవెంట్‌కి ముగింపు మర్నాటి తేదీయే రాస్తారు, ఆ మర్నాడు లెక్కలోకి రాదు అన్నాడు. హోటల్ గది ఖాళీ చేసే తేదీ లాగా అని నేను అర్థం చేసుకున్నాను.

పక్షం పద్నాలుగు రోజులూ గట్టెక్కాయి. మిగిలిన ఏడాది ఇలా చేత్తో చేయడం నా వల్ల కాదు. శుక్రవారం రాత్రి అతను వచ్చి మా హాల్లోనే కూర్చుని పాతిక లైన్ల ప్రోగ్రాం రాశాడు. గంట లేని తేదీలకు మాత్రమే ఒక రోజు కలుపుతుంది, గంట ఉన్నవాటి జోలికి పోదు, ప్రతి ఈవెంట్‌కీ ఒక యూఐడీ ఇస్తుంది. నేను చేత్తో దిద్దిన కాపీ పక్కన పెట్టి, దిద్దని ఫైళ్ల మీదే నడిపాడు. లేకపోతే మహాలయాలు రెండు రోజులు జరిగేవి. పన్నెండు ఫైళ్లూ ఒక్క సెకనులో అయిపోయాయి. నేను రెండు రాత్రులు చేసిన పని! మెచ్చుకోవాలో కోప్పడాలో తెలియలేదు.

అప్పుడే ఇంకొకటి బయటపడింది. పొడుగు పేర్లలో అక్కడక్కడా నల్లటి డైమండ్ గుర్తు, లోపల ప్రశ్నార్థకం. తెలుగులో రాసినవాటిలోనే. ఐసీఎస్‌లో ఒక లైను 75 బైట్లు దాటకూడదని పద్ధతి. బైటు అంటే కంప్యూటర్ రాతను కొలిచే చిన్న కొలత. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో ఒక్కో గుర్తుకీ మూడు, అంటే అక్షరానికి మూడు, గుడికి మూడు, వత్తుకి ఇంకో ఆరు. 'ద్వాదశి' అన్న చిన్న మాటే 21 బైట్లు. 'సమ్మరీ' అనే మాటకీ కోలన్‌కీ ఎనిమిది పోతే 67 మిగులుతాయి. మూడుతో భాగిస్తే 22, శేషం ఒకటి. ఆ మిగిలిన ఒక బైటు దగ్గర పాత ప్రోగ్రాం అక్షరాన్ని నిలువునా చీల్చి, ముక్కను కింది లైనులో పడేసింది. ఆ కుర్రాడు చీలిన లైన్లను బైట్లు బైట్లుగానే అతికిస్తే అక్షరాలు తిరిగొచ్చాయి, పదకొండు ఫైళ్లలో. 2025లో మాత్రం రాలేదు. నేను నోట్‌ప్యాడ్‌లో సేవ్ కొట్టినప్పుడు చీలిన ముక్కలు పోయి వాటి చోట నిజంగానే డైమండ్ గుర్తులు పడ్డాయి. కాపీ లేదు. 41 పేర్లు.

పాత క్యాలెండర్ మొత్తం తుడిచేసి, ఖాళీగా కొత్తది పెట్టి, శనివారం పొద్దున అన్నీ ఇంపోర్ట్ చేశాను. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఇకపైన రావలసిన తేదీలన్నీ కాగితం మీద ప్రింట్ తీశాను, ఉగాది దాకా. ఎదురుగా నాన్నగారు పంచాంగం పట్టుకుని కూర్చున్నారు. నేను తేదీ చెప్పడం, ఆయన తిథి చెప్పడం, నేను పేరు చదవడం. శనివారం మూడు గంటలు, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు. పాత అట్ట పుస్తకం కూడా బయటికొచ్చింది. మధ్యలో ఒక పేరు దగ్గర ఆయన ఆగారు. పుస్తకంలో ఆ పేరు యజమానిగా ఉంది, తండ్రి ఆబ్దికం పెట్టే మనిషిగా. నా క్యాలెండర్‌లో 2022 నుంచి అదే పేరు తిథి పక్కన ఉంది. "మంచి కాఫీ ఇచ్చేవాడు" అని, తర్వాతి తేదీ చదవమన్నారు.

నా తప్పులు కూడా రెండు దొరికాయి, ఏ ఫైలుకీ సంబంధం లేనివి. ఒక షష్ఠిని మార్చిలోనే సప్తమి కింద ఎక్కించాను. ఈ గొడవ లేకపోతే అది అలాగే ఉండిపోయేది.

ఆ ఆదివారం 7వ తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. పది కావస్తుండగా పట్టింది, ఒకటిన్నర లోపు విడిచింది. నాన్నగారు పట్టు స్నానం, జపం, విడుపు స్నానం అయి పడుకునేసరికి రెండు. నాలుగున్నరకు ఫోన్ మోగింది. నేను మేలుకునే ఉన్నాను, లెక్కపెట్టాను. ఒక్కసారే మోగింది. ఆయన వేళ్ల మీద ఏదో చూసుకుని, "పాడ్యమి" అని నా వైపు తల ఊపి స్నానానికి వెళ్లారు.

ఖర్చు అడుగుతారని చెబుతున్నాను. ల్యాప్‌టాప్, పెన్ డ్రైవ్, మెకానిక్, ఆటోలు, ప్రింట్లు అన్నీ కలిపి 20,000 దగ్గర తేలింది. పూట సెలవు ఒకటి. నేను డిస్క్ బాగుచేయించలేదు, అది అలమరలో పసుపు గుడ్డలో చుట్టి ఉంది, అమ్మ పారేయనివ్వడం లేదు. ఆ కుర్రాడు డబ్బు తీసుకోలేదు. నాన్నగారు అతనికి పంచెల చాపు, తాంబూలం ఇచ్చి ఆశీర్వదించారు. ఆదివారం ఆదివారం ప్రింటు మళ్లీ మొదలైంది. ఫోన్ ఉన్నా సరే, ఆయన కాగితం అడిగారు, నేను మారు మాట్లాడలేదు.

ఇవాళ సెప్టెంబరు 22. పక్షం నిన్నటితో అయిపోయింది, ఒక్క ఇంటికీ తేదీ తప్పలేదు. 41 పేర్లలో ఇంకా 26 మిగిలాయి. భోజనాలయ్యాక రోజూ నాలుగైదు తెరుస్తున్నాను. డైమండ్ ఉన్నచోట ఏ అక్షరం పోయిందో నేను ఊహిస్తే తప్పు పడుతోంది. నాన్నగారు కళ్లు మూసుకుని ఇంటిపేరు, గోత్రం, ముగ్గురి పేర్లూ గడగడా చెబుతున్నారు. నేను టైపు చేస్తున్నాను.